కార్నియా జబ్బులు: ఆమ్లజనిపై మోపిన నేరము

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల మెట్టపల్లెలలో కంటి జబ్బులకు ఉన్న పేర్లు నిక్కచ్చియైనవి. నల్లగుడ్డుమీద తెల్లని మచ్చ నిలిచిపోయినచో పువ్వు వేసినదందురు. ముక్కు వైపు నుండి పొర నల్లగుడ్డు మీదికి ప్రాకినచో కండ పెరిగినదందురు. వయసు మీరిన వారికి చూపు మసకబారినచో శుక్లము వచ్చినదందురు. కన్ను ఎర్రబడి పుసులు కట్టినచో కలక. మునిమాపు వేళ పిల్లవాడు తడుముకొనుచు నడచినచో రేచీకటి. బడి ముఖము చూడని ముసలమ్మ సైతము ఈ అయిదింటిని ఒకదానితో నొకటి కలిపి చెప్పదు. పేర్లు వేరు గనుక జబ్బులు వేరనియు, జబ్బులు వేరు గనుక మందులు వేరనియు ఆమెకు తెలియును. ఆమె వేయు మందులు సరియైనవా కావా అన్నది తరువాతి మాట.

కొంత కాలముగా తెలుగున వెలువడుచున్న ఆరోగ్య వ్యాసములలోను, మందుల డబ్బాల మీది వ్రాతలలోను, బడిపిల్లలు వైజ్ఞానిక ప్రదర్శనలకు తయారుచేయు అట్టల మీదను ఈ భేదములు చెరిగిపోవుచున్నవి. కంటికి ఏ జబ్బు వచ్చినను కారణము ఒక్కటే: ఆక్సీకరణ ఒత్తిడి. ఉపమానము కూడ ఒక్కటే: ఇనుము తుప్పు పట్టినట్లు కన్ను తుప్పు పట్టును. విరుగుడు కూడ ఒక్కటే: తుప్పును ఆపు మాత్రలు, రసములు, పండ్లు. కథ చక్కగా ఉన్నది. అందు దుష్టుడున్నాడు, వీరుడున్నాడు. పూర్తిగా అబద్ధమైన వాక్యమును ఏరి చూపుట కష్టము. అయినను చదువరికి చివరకు మిగులునది తప్పు అభిప్రాయము. కంటి ముందుభాగమున గడియారపు అద్దము వలె అమరియున్న కార్నియా విషయములో ఈ తప్పు మరింత స్పష్టముగా కనబడును. కావున దానినే తీసికొని పరిశీలించుట మంచిది.

పరిశీలనకు వేదాద్రి పరిసరములు మిక్కిలి అనువైనవి. కృష్ణ యొడ్డున నరసింహస్వామి వెలసిన ఈ ఊరు జగ్గయ్యపేట మండలములోనిది. 2022 వరకు కృష్ణా జిల్లాలో ఉండి ఆ సంవత్సరము ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. చుట్టుప్రక్కల నేల అడుగున సున్నపురాయి. జగ్గయ్యపేట బౌద్ధస్తూపపు శిల్పములను చెక్కినది సున్నపురాతి పలకల మీదనే. నేటి సిమెంటు కర్మాగారములు ఆధారపడినది ఆ రాతి మీదనే. పైన పత్తి చేలు, మిరప చేలు. వేసవిలో నీడ కరవైన బయళ్ళలోను, మిరప కల్లములలోను, రాతి గనులలోను జనము పగలెల్ల పనిచేయుదురు. అనగా కార్నియాకు హాని చేయగల ఎండ, సున్నము, దుమ్ము, పుల్ల, అన్నియు ఒక్కచోట ఉన్నవి. వీటిలో ఆమ్లజని దోషమెంత?

ముందుగా మాటను గూర్చి. ఆమ్లజని యనగా నేటి బడిపుస్తకముల ఆక్సిజను. ఆమ్లములను పుట్టించునది అని దాని అర్థము. పద్దెనిమిదవ శతాబ్దిలో ఫ్రాన్సు దేశపు లావోయిజే ప్రతి ఆమ్లములోను ఈ వాయువుండునని పొరబడి పెట్టిన పేరునకు అది తెనుగుసేత. హైడ్రోక్లోరికామ్లములో అది లేదని తరువాత తేలినను పేరు మాత్రము నిలిచిపోయినది. శాస్త్రమున తప్పుడు పేరు ఎంత మొండిదో తెలియుటకు ఇది చాలును. ఇక "ఆక్సీకరణ ఒత్తిడి" అన్న మాటను జర్మనీ దేశపు జీవరసాయనవేత్త హెల్ముట్ సీస్ 1985లో ప్రచారములోనికి తెచ్చెను. దానిని తెలుగులో "ఒత్తిడి" అనుట ఇతర విషయములలో ఎట్లున్నను కంటి విషయములో చిక్కు తెచ్చిపెట్టినది. కంటి వైద్యుడు "కంటిలో ఒత్తిడి పెరిగినది" అనినచో అది నీటికాసుల జబ్బును గూర్చిన మాట; కంటిలోపలి ద్రవపు పీడనము హెచ్చుట. బడిలో ఒత్తిడి యనినచో పరీక్షల బెంగ. ఈ రెండింటి నడుమ మూడవ ఒత్తిడి వచ్చి చేరినది. పరీక్షల బెంగవలన కంటి పీడనము పెరిగి కార్నియా చెడునని పదవ తరగతి విద్యార్థి వ్రాసినచో నేరము అతనిది కాదు. "ఆక్సీకరణ భారము" అనినచో కొంత మేలు. ఇక్కడినుండి ఆ మాటయే వాడబడును.

విషయము ఇది. జీవకణము ఆమ్లజనిని వాడుకొని శక్తిని పుట్టించునపుడు గాని, కణమునకు కిరణములు తాకినపుడు గాని, ఆ ఆమ్లజనిలో కొంత భాగము అరకొరగా మార్పుచెంది, జత లేని ఎలక్ట్రాను గల తునకలుగా తయారగును. వీటిని స్వేచ్ఛా రాడికలులందురు. హైడ్రొజను పెరాక్సైడు రాడికలు కాకున్నను ఆ కుటుంబములోనిదే. ఇవి ఎదురుపడిన కొవ్వును, మాంసకృత్తును, జన్యుపదార్థమును పాడుచేయగలవు. ముసలితనమునకు ఇవియే కారణమని డెన్హమ్ హార్మన్ 1956లో ప్రతిపాదించెను. అప్పటికి అది చాలమందికి ఊహగానే తోచినది. 1969లో మెకార్డ్, ఫ్రిడొవిచ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు, సూపరాక్సైడు అను రాడికలును విరుచుటయే పనిగా గల ఎంజైము ఎర్రరక్తకణములలో ఉన్నదని చూపిరి. దానితో సందేహము తగ్గినది. దొంగలు లేని ఊరికి తలారి ఎందుకు? కణములో పుట్టునది, అణగునది సమముగా నున్నంతకాలము చిక్కులేదు. పుట్టుక హెచ్చినను, అణచు శక్తి తగ్గినను దెబ్బ మొదలగును. ఆ తూకము తప్పుటయే ఆక్సీకరణ భారము.

తుప్పు ఉపమానము ఇచ్చటనే కుంటుపడును. ఇనుము తుప్పును ఎదుర్కొనదు. కణము ఎదుర్కొనును, మరమ్మతు చేసికొనును, పైగా ఆ రాడికలులనే క్రిములను చంపుటకు ఆయుధముగా వాడుకొనును. వంకాయ ముక్క ఉపమానమును ఇట్టిదే. కోసిన వంకాయ నల్లబడును, నిమ్మరసము పిండినచో నల్లబడదు, కావున నిమ్మరసము త్రాగినచో కన్ను చెడదు అను తర్కము ప్రదర్శనల అట్టలకు ఎక్కినది. కత్తి కోతకు పగిలిన కణములనుండి బయటపడిన ఎంజైము గాలి తగిలి పనిచేయుటవలన వంకాయ నల్లబడును. నిమ్మపులుపు ఆ ఎంజైమును అణచును. ముక్కలను ఉప్పునీళ్ళలో వేయు వంటింటి అలవాటులో ఇంగితమున్నది. కాని అక్కడినుండి కార్నియాకు దారి లేదు.

కార్నియా సామాన్యమైన పొర కాదు. నడుమ దాని మందము అర మిల్లీమీటరుకు కొంచెము ఎక్కువ. అడ్డుకొలత సుమారు 11.5 మిల్లీమీటర్లు. కంటిలోనికి వచ్చు కాంతిని వంచు పనిలో మూడింట రెండు వంతులు చేయునది ఇదియే. బడిలో ఆ కీర్తి యంతయు కటకమునకు దక్కినది. కార్నియా ప్రక్కనే ఉన్న తెల్లగుడ్డు కూడ కొలాజెను నారలతో అల్లినదే. మరి ఒకటి తెల్లగా, ఒకటి పారదర్శకముగా ఎందుకున్నవి? 1957లో డేవిడ్ మారిస్ దీనికి సమాధానము చెప్పెను. కార్నియా నారలు ఒకే సన్నదనముతో, ఒకే ఎడముతో పేర్చినట్లుండును. ఒక్కొక్క నార ప్రక్కలకు చెదరగొట్టు వెలుగు ఇతర నారలు చెదరగొట్టు వెలుగుతో కలిసి రద్దయిపోవును. తిన్నగా పోవు వెలుగు మాత్రము మిగులును. తెల్లగుడ్డులో లావు నారలు, సన్న నారలు కలగలిసి చిందరవందరగా నుండును. కావున కార్నియాలో నీరు చేరినను, నారల వరుస చెదరినను పారదర్శకత పోవును. పువ్వు వేయుట యనగా ఇదియే: గాయము మానునపుడు క్రమములేని నారలు అల్లుకొనుట.

ఈ పొరలో రక్తనాళములు లేవు. మెలకువలో దానికి కావలసిన ఆమ్లజని చాలవరకు గాలినుండి కన్నీటి ద్వారా చేరును. పైన ఎండ తగులును. సుమారు 300 నానోమీటర్లకు తక్కువ తరంగదైర్ఘ్యము గల అతినీలలోహిత కిరణములలో దాదాపు అన్నిటిని కార్నియాయే పీల్చుకొనును. ఇటు గాలి, అటు కిరణములు: రాడికలులు పుట్టుటకు ఇంత అనువైన చోట్లు శరీరమున తక్కువ. అందుకు తగిన కాపుదలయు ఉన్నది. కార్నియా పై పొరలో విటమిను సి రక్తములోకంటె ఎన్నో రెట్లు ఎక్కువ. పగలు తిరుగు జంతువులలో అది రాత్రి తిరుగు జంతువులలోకంటె హెచ్చు. ఆల్డిహైడు డీహైడ్రొజనేస్ అను ఎంజైము అచ్చట పెద్ద మొత్తమున నుండి కిరణములను పీల్చును, కొవ్వులు చెడినపుడు పుట్టు విషములను విరుచును. కావున ఆక్సీకరణ భారము కార్నియాకు నిజమైన ప్రమాదమే. వ్యాసకర్తలు ఇంతవరకు చెప్పినదానిలో దోషము లేదు. దీని తరువాత వేయు అడుగులలో దోషమున్నది.

ఎండ విషయమున సాక్ష్యము గట్టిది. 1987లో హైదరాబాదులో నెలకొల్పబడిన ఎల్.వి. ప్రసాదు నేత్రవైద్య సంస్థవారు 1996-2000 సంవత్సరముల మధ్య ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల సర్వే జరిపి 10,293 మందిని పరీక్షించిరి. అందు 30 ఏండ్లు, ఆ పైబడిన వారిలో 11.7 శాతము మందికి కండ పెరిగియుండెను. ఆరుబయట పనిచేయువారిలో అది ఎక్కువ. కండ తెల్లగుడ్డును కప్పియున్న పలుచని పొరనుండి బయలుదేరి కార్నియా మీదికి ప్రాకునది. అతినీలలోహిత కిరణములు ఆ అంచులోని కణములను దెబ్బతీయుట దానికి ముఖ్యకారణము. ఆ దెబ్బలో రాడికలులకు వాటా ఉన్నది. కాని నివారణ యేది? టోపీ అంచు నీడ, కిరణములను ఆపు కళ్ళద్దములు. కారణము రాడికలులే యైనను, వాటిని పుట్టించు ఎండను ఆపుట సులభము, సరియైనది. ఇచ్చట మాత్రలకు పని లేదు.

తరువాత కెరటోకోనస్. ఈ జబ్బులో కార్నియా పలుచబడి, గుండ్రదనము పోయి, శంకువు వలె ముందుకు పొడుచుకొని వచ్చును. జాన్ నాటింగుహామ్ 1854లో దీనిని గూర్చి ప్రత్యేకముగా గ్రంథము వ్రాసెను. సాధారణముగా హైస్కూలు, కాలేజి వయసులో మొదలగును. ఏడాదికి రెండుమార్లు అద్దములు మార్చినను చూపు కుదురుకొనని పిల్లవాని విషయములో వైద్యులు మొదట అనుమానించు జబ్బులలో ఇది యొకటి. ఆక్సీకరణ భారమును గూర్చిన కార్నియా పరిశోధనలలో పెద్ద భాగము దీని చుట్టే తిరిగినది. జబ్బుపడిన కార్నియాలలో ఆల్డిహైడు డీహైడ్రొజనేస్ తగ్గినదని 1993లోను, చెడిన కొవ్వుల ఆనవాళ్ళు, రాడికలుల దెబ్బతిన్న మాంసకృత్తులు ఉన్నవని 2002లోను, కణముల శక్తికేంద్రములైన మైటోకాండ్రియాల జన్యుపదార్థము దెబ్బతిన్నదని 2005లోను పత్రములు వెలువడినవి. ఇవన్నియు జాగ్రత్తగా చేసిన పనులే.

అయితే ఆ కార్నియాలు ఎక్కడివి? చాలవరకు మార్పిడి శస్త్రచికిత్సలో తీసివేసినవి. అనగా జబ్బు ముదిరి, ఏండ్ల తరబడి కంటిని నలిపి, కొందరు కంటిలో పెట్టుకొను కాంటాక్టు అద్దములు వాడి, చివరకు మచ్చకట్టినవి. కాలిన ఇంటిలో బూడిద దొరికినంత మాత్రమున బూడిదవలన ఇల్లు కాలినదనరాదు. భారము ముందా, పలుచబడుట ముందా అన్న ప్రశ్నకు ముదిరిన కార్నియా సమాధానము చెప్పలేదు. సూపరాక్సైడును విరుచు ఎంజైమునకు సంబంధించిన జన్యువులో మార్పు కనబడినదని 2006లో వచ్చిన వార్త గొప్ప ఆశ పుట్టించెను గాని, తరువాత పలుచోట్ల పరీక్షించిన రోగులలో ఎక్కువమందికి ఆ మార్పు లేకపోయెను. ఈ రెండవ సంగతి ప్రజలకొరకు వ్రాసిన వ్యాసములలో అరుదుగా కనబడును. మరొక వంక, కంటిని గట్టిగా నలుపుకొను అలవాటునకు ఈ జబ్బుతో సంబంధమున్నదని అనేక దేశముల అనుభవము. కన్ను దురద పెట్టు పిల్లవానికి దురద తగ్గించు మందు వేయించి, నలుపుట మాన్పించుట నేడే చేయదగిన పని. తుప్పు కథలో దానికి చోటే లేదు.

కార్నియా లోపలి వైపున నీటిని తోడివేయుచు దానిని పారదర్శకముగా నుంచు కణముల వరుస ఒకటి ఉన్నది. ఆ కణములు మనుష్యునిలో పోయినచో తిరిగి పుట్టుట లేదనవచ్చును. ఫుక్స్ జబ్బులో ఇవి క్రమముగా నశించును. ఇచ్చట ఆక్సీకరణ భారమునకు సాక్ష్యము కెరటోకోనసులోకంటె గట్టిదే. కణపు రక్షణలను మేల్కొలుపు వ్యవస్థయే మందగించినట్లు 2010లో చూపబడినది. అదే సంవత్సరము టి.సి.ఎఫ్.4 అను జన్యువుతో ఈ జబ్బునకు సంబంధమున్నదనియు తేలినది. రెండు త్రోవలు ఎక్కడ కలియునో ఇంకను పరిశోధనలోనే ఉన్నది.

దుష్టుడు, వీరుడు అను కథను పూర్తిగా తలక్రిందులు చేయునది కెరటోకోనసు చికిత్సయే. 2003లో జర్మనీలోని డ్రెస్డెను నగరపు వైద్యులు వోలెన్‌జాక్, ష్పోర్ల్, జైలర్ అనువారు ఒక కొత్త పద్ధతి ప్రకటించిరి. కార్నియా పై పొరను తొలగించి, అరగంటసేపు రైబోఫ్లేవిను, అనగా విటమిను బి2, చుక్కలు వేసి, పిమ్మట 370 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని అరగంట ప్రసరింపజేయుదురు. వెలుగు తగిలిన రైబోఫ్లేవిను ఆమ్లజనిని రెచ్చగొట్టును. అట్లు పుట్టిన చురుకైన ఆమ్లజని రూపములు కొలాజెను నారల నడుమ కొత్త బంధములు వేయును. కార్నియా గట్టిపడి, జబ్బు ముదురుట సాధారణముగా ఆగును. ఆమ్లజని లేనిచోట ఈ చికిత్స చేసినచో కార్నియా గట్టిపడదని 2013లో ప్రయోగపూర్వకముగా తేలినది. అనగా ఏ ఆక్సీకరణమువలన జబ్బు వచ్చినదని అట్టల మీద వ్రాయుచున్నారో, ఆ ఆక్సీకరణమునే కొలత ప్రకారము కంటిలో పుట్టించి వైద్యులు ఆ జబ్బును నిలుపుచున్నారు. కొలత తప్పినచో హానియే. అందుకే ఆ మొదటి పద్ధతిలో కార్నియా మందము 400 మైక్రోమీటర్లకు తగ్గినవారికి దీనిని చేయరు. లోపలి కణములు కమలిపోవును. హైదరాబాదు, విజయవాడ ఆసుపత్రులలో నేడు ఇది మామూలు చికిత్స. విచిత్రమేమనగా, ఇందులోని మందు ఒక విటమిను, దాని పని ఆక్సీకరణమును పుట్టించుట. మాత్రల డబ్బా మీద విటమిను అనగానే ఆక్సీకరణమునకు విరోధి యని వ్రాయుట ఆచారము.

బూజు పుండు మరొక ఉదాహరణ. పత్తి మోడు గీరినను, వరిగడ్డి పుల్ల తగిలినను, దుమ్ముతోకూడిన నలుసు పడినను కార్నియా పై పొర చిట్లి, మట్టిలోని బూజు లోపలికి దిగవచ్చును. 1991-2000 మధ్య పైన చెప్పిన హైదరాబాదు సంస్థలో పరీక్షలవలన రూఢియైన బూజు పుండ్లు 1,300కు పైగా నుండెను. వారిలో సగముకంటె ఎక్కువ మందికి ముందుగా కంటికి దెబ్బ తగిలియుండెను. ఫ్యుజేరియము, ఆస్పర్జిల్లసు అను రెండు జాతులదే ముఖ్యపాత్ర. శరీరము వీటిపైకి తెల్లరక్తకణములను పంపును. ఆ కణములు బూజు పోగులను చంపు ఆయుధములలో ముఖ్యమైనది సూపరాక్సైడు. ఆ ఆయుధము పుట్టించలేని ఎలుకలు బూజును అణచలేకపోవుటయు, బూజు తన సొంత ఆక్సీకరణ విరోధులను కవచముగా తొడుగుకొని బ్రతుకుటయు 2012లో ప్రకటింపబడినవి. ఇచ్చట రాడికలు రక్షకభటుడు, దాని విరోధి దొంగకు అంగరక్ష. తెల్లకణముల ధాటికి కార్నియా కూడ కొంత కరగునన్నది నిజమే. యుద్ధము జరిగిన పొలము పాడుకాకుండ ఉండదు. కాని ఆ సమయమున కావలసినవి నటమైసిను వంటి బూజుమందు చుక్కలు, ఆలస్యములేని వైద్యము. దుకాణములో అడిగి తెచ్చుకొను స్టిరాయిడు చుక్కలు మంటను తగ్గించి బూజును పెంచును. ఆకుపసరు పోయుట అంతకంటె చెడ్డది.

ఇక సున్నము. సున్నపురాతి సీమలో దీనిని గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. గోడలకు వేయు సున్నమే గాక, తాంబూలపు సున్నము పొట్లము నొక్కినపుడు పగిలి పిల్లల కండ్లలో పడుటయు కద్దు. సున్నము క్షారము. అది కణముల కొవ్వును సబ్బుగా మార్చి నిమిషములలో లోనికి చొచ్చుకొనిపోవును. మొదటి దెబ్బ ఆక్సీకరణము కాదు. అయినను విటమిను సి ఇచ్చట నిజముగా పనికివచ్చును! క్షారము పడిన కుందేళ్ళ కండ్ల లోపలి ద్రవములో విటమిను సి పడిపోవుననియు, దానిని బయటినుండి ఇచ్చినచో పుండ్లు తగ్గుననియు 1970లలో ఫిస్టరు అను వైద్యుడును, ఆయన తోటివారును చూపిరి. కొలాజెను అల్లికకు విటమిను సి కావలెను. అది చాలనపుడు పుండు పూడదు. చిగుళ్ళనుండి రక్తము కారు స్కర్వీ జబ్బులో జరుగునదియు ఇదియే. అనగా ఒకే పదార్థము, ఒకే పొర, కాని మేలు చేసిన దారి ముఖ్యముగా వేరు. పేరు చూచి దారిని ఊహించుట ఎంత పొరపాటో ఇందువలన తెలియును. సున్నము పడిన క్షణమున మాత్రము దగ్గరనున్న శుభ్రమైన నీటితో, అది ఎవరింటి బిందెలోనిదైనను, చాలసేపు కడుగుటకు మించినది లేదు. రెప్పల క్రింద చిక్కుకొన్న సున్నపు పలుకులను తీసివేయవలెను. పిమ్మటనే ఆసుపత్రి ప్రయాణము.

మరి మాత్రల వాదము ఇంత బలముగా ఎట్లు పాతుకొన్నది? తెలుగులో దానికి ఒక భాషాదోషము తోడ్పడినది. బడిపుస్తకములలో కార్నియాకు శుక్లపటలమని పేరు. ఊరిలో శుక్లమనగా కటకము మసకబారుట. శుక్లపటలమనగా శుక్లము వచ్చు పటలమని విద్యార్థి అనుకొనుట సహజము. కటకములో ఆక్సీకరణము చేయు హాని చిరకాలముగా తెలిసినది. హైదరాబాదులో ఆచార్య దొరైరాజన్ బాలసుబ్రమణియన్, వారి తోటివారు దానిపై విలువైన పనిచేసిరి. తేయాకులోని పదార్థములు కటకపు శుక్లమును ఆలస్యము చేయగలవేమో అని పరీక్షించిన వారి పత్రము 2001లో వచ్చినది. కటకమును గూర్చిన ఆ మాటలు పేరు పోలికవలన కార్నియాకు అంటుకొన్నవి. అదే 2001లో అమెరికా దేశమున ముగిసిన పెద్ద పరీక్షలో విటమినులు సి, ఇ, బీటా కెరోటిను, జింకు కలిపి ఇచ్చినచో వృద్ధులలో రెటీనా నడిమి భాగము చెడు జబ్బు ముదురు అవకాశము సుమారు నాలుగవ వంతు తగ్గినది. శుక్లముపై ప్రభావము కనబడలేదు. నేటి కంటిమాత్రలలో పెక్కింటికి మూలము ఈ రెటీనా పరీక్షయే. దక్షిణాదిలో మదురై పరిసర గ్రామములలో 798 మందికి అయిదేండ్లు బీటా కెరోటిను, సి, ఇ విటమినులు ఇచ్చి చూడగా శుక్లము పెరుగుటలో తేడా రాలేదని 2006లో ప్రకటించిరి. రెటీనాలో కొంత, కటకములో శూన్యము. ఈ రెండు పరీక్షలలోను కార్నియా ప్రసక్తియే లేదు. కన్ను ఒక్కటే గదా అని ఒక గది తాళపుచెవిని మరొక గదికి వాడుచున్నారు.

ఈ పొరపాటు కాగితము మీదనే ఆగిపోయినచో ఇంత చర్చ అనవసరము. పైన చెప్పిన ఆంధ్రప్రదేశ్ సర్వేలో కార్నియా చెడి కనీసము ఒక కన్ను పోయినవారు పదివేలకు 66 మంది చొప్పున తేలిరి. కారణములు చూడుడు: చిన్నతనమున వచ్చిన కార్నియా పుండ్లు 36.7 శాతము, దెబ్బలు 28.6 శాతము, పెద్దయిన తరువాత వచ్చిన పుండ్లు 17.7 శాతము. వీటిలో నూటికి సుమారు 95 తప్పించదగినవే. సర్వే జరిగినది హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరు జిల్లాలలో. కృష్ణా మెట్ట అందు లేదు. కాని పత్తి మోడునకు, గడ్డిపుల్లకు జిల్లా ఎల్లలు తెలియవు. కెరటోకోనసు, ఫుక్స్ జబ్బు పరిశోధనశాలలలో ఎంత చోటు ఆక్రమించినను, పల్లెలలో పువ్వు వేయించుచున్నవి ఎక్కువగా దెబ్బయు, పుండును, వాటిని గూర్చిన జాగు. కంటిలో పుల్ల గీరిన కూలి మూడు రోజులు పసరు పోసికొని, నాల్గవనాడు "తుప్పు విరుగుడు" మాత్ర కొనినచో పోవునది మాత్ర ఖరీదు మాత్రమే కాదు.

చిన్నతనపు పుండ్లలో విటమిను ఎ లోపమునకు, తట్టునకు చాలకాలము పెద్ద వాటా ఉండెను. 1958లో కూనూరునుండి హైదరాబాదునకు వచ్చిన పోషకాహార పరిశోధనశాల, నేటి జాతీయ పోషకాహార సంస్థ, చేసిన పరీక్షల ఆధారముగా 1970లో పిల్లలకు ఆరు నెలలకొకసారి విటమిను ఎ పెద్ద మోతాదు పోయు కార్యక్రమము మొదలయ్యెను. దానివలనను, తట్టు టీకాలవలనను, తిండి మెరుగగుటవలనను కార్నియా కరిగిపోయి వచ్చిన పసివారు నేటి ఆసుపత్రులలో అరుదైరి. ఇదియు ఆక్సీకరణమును ఆపుటవలన జరిగినది కాదు. విటమిను ఎ కణముల జన్యువులను నడిపి, కార్నియా పై పొరను చర్మము వలె మొరటుబారనీయక తడిగా నుంచును. మునగాకు, తోటకూర, బొప్పాయి పిల్లలకు పెట్టుడని చెప్పుట సరియే. తుప్పు పట్టకుండ పెట్టుడని చెప్పుటయే తప్పు. సలహా మంచిదైనప్పుడు కారణము తప్పైననేమి అని కొందరనవచ్చును. విజ్ఞాన పాఠము చెప్పువారు అట్లనుటకు వీలులేదు. తప్పు కారణము నేర్చినవాడు రేపు అదే కారణముతో తప్పు సలహాను కొనును.

బడిలో వంకాయ ముక్క ప్రయోగమును మానిపించనక్కరలేదు గాని, దాని ప్రక్కన మరొకటి ఉంచవచ్చును. మందుల దుకాణములో దొరకు 3 శాతము హైడ్రొజను పెరాక్సైడును పచ్చి బంగాళాదుంప ముక్కపై రెండు చుక్కలు వేసినచో నురగ పొంగును. దుంపలోని కెటలేస్ అను ఎంజైము పెరాక్సైడును నీరుగా, ఆమ్లజనిగా విరుచుచున్నది. ఉడికించిన ముక్కపై వేసినచో నురగ రాదు, తలారి చచ్చినాడు. జీవకణము తుప్పు పట్టుచు కూర్చుండదనియు, ప్రతి క్షణమును లెక్క సరిచేసికొనుచుండుననియు పిల్లలు కంటితో చూతురు. కార్నియాలో కూడ ఈ ఎంజైము ఉన్నది. కెరటోకోనసు కార్నియాలలో దీనిని తయారుచేయు సందేశము హెచ్చినదని 2005 నాటి పత్రములలో నొకటి. అది జబ్బునకు గుర్తా, కణపు ఎదురుదెబ్బకు గుర్తా అని పిల్లలను అడిగి వాదింపజేయవచ్చును. ప్రయోగము చేయునపుడు కళ్ళద్దములు పెట్టించి, ఆ ద్రావణము ఎవరి కంటిలోను పడకుండ చూడవలెను. పడినచో మొదట నీళ్ళు.